ఐదు నిమిషాల కొసరు

అపార్ట్‌మెంట్లలో కొత్తగా పనికి కుదిరిన ఆడపిల్లలెవరైనా ఇది చదువుతుంటే, ముందే ఒక మాట. నేను చేసింది మీరు చేయకండి. చేసినా నాలుగు అంతస్తుల్లోనూ చేయకండి.

గౌలిపురలో నేను పనిచేసిన బిల్డింగుకు నాలుగు అంతస్తులు. అంతస్తుకు నాలుగు చొప్పున పదహారు ఇళ్లు, కింద బండ్లు పెట్టుకునే పార్కింగు, మెట్ల కింద మాకు ఒక గది. ఆ జాగాలో పూర్వం మా అత్త కిరాయికి తీసుకున్న బర్రెల కొట్టం ఉండేది. జాగా గలాయన దాన్ని బిల్డరుకు అమ్ముకున్నాడు. బర్రెలు వెళ్లిపోయాయి, బిల్డింగు లేచింది, మా ఆయన దానికి వాచ్‌మన్ అయ్యాడు. ఆయన చనిపోయాక ఆ పని నాకిచ్చారు. జీతం రాసే పుస్తకంలో మాత్రం చివరిదాకా ‘వాచ్‌మన్’ అనే ఉండేది. నేనూ దిద్దమని అడగలేదు. ఎక్కడ పాలు పిండానో అక్కడే ఇరవై ఏళ్లకు పైగా నీళ్లు వదిలాను.

వాచ్‌మన్ పని అంటే గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చోవడం అనుకుంటారు. మా దగ్గర అసలు పని నీళ్లు. బోరు సగం ఏడాది పనిచేసేది, సగం ఏడాది దగ్గేది. దగ్గినప్పుడల్లా ట్యాంకరు పిలవాలి. సంపు నింపి, మోటారు వేసి, డాబా మీది ట్యాంకుకు ఎక్కించాలి. ట్యాంకు నుంచి అంతస్తుకొక పైపు, పైపుకొక వాల్వ్. పొద్దున ఆరు నుంచి ఎనిమిది వరకు, ఒక్కో అంతస్తుకు అరగంట. ఆ అరగంటలో ఎవరి డ్రమ్ములు, బిందెలు వాళ్లు నింపుకోవాలి. వాల్వ్ తిప్పేది నేను. కాబట్టి పొద్దున ఆ రెండు గంటలు బిల్డింగులో నాకంటే పెద్దమనిషి లేదు. ఎనిమిది దాటగానే మళ్లీ చీపురు పట్టేదాన్ని.

అరగంట నీళ్లు ఎవరికీ చాలేవి కావు. వాల్వ్ కట్టగానే వంటింటి కిటికీల్లోంచి నా మీద కేకలు. “అప్పుడే బందు చేసినవా?” “గడియారం చూసినవా, లేదా?” రోజూ ఇదే లొల్లి. కొన్నాళ్లు ఏడ్చాను. తర్వాత మా అత్త గుర్తొచ్చింది.

మా అత్త పాలు పోసే తీరు చూడాలి. కొలత గిన్నెను అంచుదాకా నింపేది కాదు, వేలెడు తక్కువే నింపేది. గిరాకీ మొహం ముడుచుకోబోయే లోపల చెంబు వంచి, “ఇది నీకు కొసరు బిడ్డా” అని ఇంకాస్త ఒంపేది. కొలత, కొసరు కలిపితే సరిగ్గా అంతే. ఎవరికీ చుక్క తగ్గేది కాదు, చుక్క ఎక్కువా పోయేది కాదు. కానీ కొసరు పోయించుకున్నవాళ్లు మరునాడు మళ్లీ మా గడపకే వచ్చేవారు. సరిగ్గా కొలిచి పోసే పక్క కొట్టం ఆయన దగ్గరికి ఎవరూ పోయేవారు కాదు.

నేనూ అదే చేశాను. అరగంటకు బదులు ఇరవై ఐదు నిమిషాలకే వాల్వ్ కట్టేదాన్ని. కేక వినపడగానే మెట్లు దిగి వెళ్లి, గొంతు తగ్గించి, “మీ ఫ్లోర్‌కని ఇంకో ఐదు నిమిషాలు ఇడుస్త. పై ఫ్లోరోళ్లకు చెప్పకుండ్రి” అనేదాన్ని. పైకెక్కి మళ్లీ వాల్వ్ తిప్పేదాన్ని. ఆ ఐదు నిమిషాల నీళ్లను వాళ్లు పట్టుకునే తీరే వేరు. చెంబులు, గ్లాసులు కూడా నింపేవారు. నాలుగు అంతస్తులకూ ఇదే మాట. నాలుగో అంతస్తులో మాత్రం ‘పై ఫ్లోరోళ్లు’ ఉండరు కనుక ‘కింది ఫ్లోరోళ్లు’ అనేదాన్ని. కొన్నాళ్లకు చెప్పే పని కూడా తప్పింది. నీళ్లు ఆగి మళ్లీ రాగానే వాళ్లకే తెలిసిపోయేది. కేకలు ఆగిపోయాయి. దసరాకు నాలుగు అంతస్తుల నుంచీ చీరలు వచ్చాయి. నేను చాలా తెలివిగలదాన్నని అనుకున్నాను.

నా తప్పు ఎక్కడుందో అప్పుడు నాకు తెలియలేదు. తమకు ఐదు నిమిషాలు ఎక్కువ వస్తున్నాయని ప్రతి అంతస్తూ అనుకుంది. అయినా నీళ్లు చాలడం లేదు. అంటే తమకంటే ఎక్కువ ఇంకెవరో తోడేస్తున్నారన్న మాట. ఆ దొంగ ఎవరా అని ఒకరినొకరు చూసుకోవడం మొదలుపెట్టారు.

మొదటి అంతస్తులో ఒక అవ్వ ఉండేది. ఆమె కొడుకులు ధూల్‌పేట్‌లో వినాయకుడి విగ్రహాలు చేస్తారు. చవితి ముందు నెలంతా ఒంటినిండా రంగులతో వచ్చి తల్లి ఇంట్లో స్నానాలు చేసి పోయేవారు. మూడో అంతస్తులో పత్తర్‌గట్టిలో బట్టల దుకాణం ఉన్న ఆయన ఉండేవాడు. బిల్డింగంతా ఆయన్ని దుకాణం భాయ్ అనేవారు. వాళ్లిద్దరికీ ఏడాదిగా మాటల్లేవు. మాటల్లేవు కానీ నన్ను మధ్యన పెట్టుకుని మాట్లాడుకునేవారు.

“అక్కా, మోరీల నీళ్లు చూసినవా? ఒక దినం ఎర్రగ, ఒక దినం పచ్చగ పోతున్నయ్. పదిమంది స్నానం జేస్తె నా మెయింటెనెన్సు, ఆమె మెయింటెనెన్సు ఒక్కటే ఎట్లైతది? పూచో జరా, అడుగు ఆమెను” అనేవాడు భాయ్, అవ్వ మెట్ల మీద ఉండగానే.

“నా కొడుకులు దేవుని పని జేసొచ్చి కడుక్కుంటరు. గాయన ఇంట్ల మిషిను దినమంత తిరుగుడే. దుకాణంల అమ్మేటి బట్టలు గూడ గిక్కడనే ఉతుకుతున్నడేమో అడుగు బిడ్డా” అనేది అవ్వ, గోడకేసి చూస్తూ.

నేను మధ్యలో చీపురు పట్టుకుని నిలబడేదాన్ని.

అలాంటి రోజుల్లో నాలుగో అంతస్తు సారు అసోసియేషన్‌కు ప్రెసిడెంటు అయ్యారు. కోస్తా నుంచి ఉద్యోగం మీద వచ్చి, ఇక్కడే రిటైరై, ఇక్కడే ఉండిపోయిన గవర్నమెంటు ఆఫీసరు. మంచివారు. ఏదైనా సరే కాగితం మీద ఉండాలంటారు. ట్యాంకర్ల ఖర్చు పెరిగింది, లిఫ్టు మూలుగుతోంది, డబ్బు చాలడం లేదు. మెయింటెనెన్సు పెంచుతామని ఆయన ఒక్క మాట అనేసరికి బిల్డింగు భగ్గుమంది. మొదటి అంతస్తు వాళ్లు లిఫ్టు ఎక్కం, దాని డబ్బులు ఇవ్వం అన్నారు. దుకాణం భాయ్ లెక్కలన్నీ చూపించాలన్నాడు. ఇళ్లు అద్దెకిచ్చిన వాళ్లు కిరాయిదార్లను అడగమన్నారు, కిరాయిదార్లు ఓనర్లను అడగమన్నారు.

ఆదివారం జనరల్ బాడీ మీటింగు పెట్టి అన్నీ తేల్చేద్దామని సారు నోటీసు రాశారు. అందమైన తెలుగు దస్తూరి ఆయనది. నా చేతికిచ్చి బోర్డు మీద అతికించమన్నారు. మైదా ఉడికించి పూసి, అతికించి, ముడతలు పోయేలా అరచేత్తో సాపు చేశాను. అప్పుడు చదివాను.

నేను చదవగలనని ఆయనకు తెలియదు. రెండో అంతస్తులో పిల్లలకు ట్యూషన్ చెప్పే టీచర్‌కు తప్ప ఎవరికీ తెలియదు. బట్టలారేయడానికి డాబా మీదికి వచ్చిన ఆమె, ఒక వాల్వ్‌కూ ఇంకో వాల్వ్‌కూ మధ్య నేను ఖాళీగా కూర్చోవడం చూసి, ఒకరోజు బొగ్గుముక్కతో పిట్టగోడ మీద ‘అ’ రాసింది. అప్పటికి నాకు యాభై దాటాయి. వాల్వ్ కట్టే లోపే ఆమె కిందికి దిగిపోయేది; అలా ఇరవై ఐదు నిమిషాల చొప్పున రెండేళ్లు పట్టింది నాకు చదువు.

నోటీసులో మూడు అంశాలు. ఒకటి, మెయింటెనెన్సు పెంపు. రెండు, ఇంటింటికీ నీటి మీటరు పెట్టి, వాడకాన్ని బట్టి వసూలు. మూడు, ఖర్చు తగ్గించుటకై వాచ్‌మన్‌ను తొలగించి, ఆ పనిని ప్రైవేటు కంపెనీకి అప్పగించుట.

కూడబలుక్కుని చదివాను. మళ్లీ చదివాను. రెండోసారీ అదే ఉంది. ఉద్యోగం పోతే మెట్ల కింది గది కూడా పోతుంది. నాకు ఇంకో ఇల్లు లేదు. నన్ను వెళ్లగొట్టే కాగితాన్ని నేనే ముడత లేకుండా అతికించాను.

మీటింగుకు ముందు నాలుగు రోజులూ బిల్డింగులో నా మీద ప్రేమ ఎక్కువైపోయింది. ఒక ఇంట్లో పాత చీర, ఇంకో ఇంట్లో మిగిలిన బగారన్నం, మరో ఇంట్లో ఇంకా పనిచేసే గొడుగు. ఎవరూ విషయం ఎత్తలేదు. దుకాణం భాయ్ ఎప్పుడూ లేనిది, “తబియత్ ఠీక్ ఉన్నదా అక్కా?” అని నా ఆరోగ్యం అడిగాడు. పంపించేవాళ్లే ఇంత మర్యాద చేస్తారని నాకు అర్థమైపోయింది. గదిలో సామాను రెండు సంచుల్లోకి సర్దుకున్నాను.

టీచర్ మాత్రం డాబా మీదికి వచ్చి అడిగింది. “చదివినవా?”

“చదివిన టీచర్.”

“ఏమన్న అనాలని ఉన్నదా మీటింగుల?”

“నేనేమంట? నా జీతం వాళ్లిచ్చేదే గద.”

“ఫికర్ చేయకు. నా ఓటు నీకే” అంది. పదహారు ఓట్లలో ఒకటి. దానికీ సంతోషించాను.

ఆదివారం పది గంటలకు పార్కింగులో కుర్చీలు వేశాను. చాయ్ ఫ్లాస్కులు తెచ్చిపెట్టాను. కంపెనీ మనిషి కూడా వచ్చాడు. మెడకు టై, చేతిలో రంగుల కాగితాలు. వాళ్ల మనిషి రోజుకు రెండు గంటలు వచ్చి ఊడ్చి పోతాడట. వాల్వ్‌లకు టైమరు పెడతారట. అరగంట కాగానే దానంతట అదే కట్టేసుకుంటుంది, ఒక్క క్షణం అటూ ఇటూ ఉండదు అన్నాడు. నేను స్తంభం పక్కన నిలబడి విన్నాను.

మొదటి అంశానికే గంట గడిచింది. లిఫ్టు గురించి ఇద్దరు కుర్చీల్లోంచి లేచారు. ఒకరు కూర్చుంటూ పక్కవాళ్ల చాయ్ ఒలకబోశారు. సారు గొంతు బొంగురుపోయి, “ఆగండి, ఆగండి. దీన్ని తర్వాత చూద్దాం. మీ అందరి బాధా నీళ్ల గురించే కదండీ? రెండో అంశానికి పోదాం. మీటర్లు పెట్టేద్దాం. ఎవరెంత వాడితే వాళ్లంత కడతారు. ఇంతకంటే న్యాయం ఏముంది?” అన్నారు.

ఏడాదిగా అందరూ అరిచింది దీని కోసమే. నేను చప్పట్లు వస్తాయనుకున్నాను.

దుకాణం భాయ్ చాయ్ గ్లాసులోకి చూస్తున్నాడు. అవ్వ చీర కొంగు చివర ముడి వేస్తోంది, విప్పుతోంది. రెండో అంతస్తు వాళ్లంతా ఆకాశం కనపడని ఆ పార్కింగులో పైకప్పు చూస్తున్నారు. మీటరు పెడితే తమ ఐదు నిమిషాలు బయటపడతాయని ప్రతి ఒక్కరి భయం. ఆ సంగతి అక్కడ నాకొక్కదానికే తెలుసు.

“మీటర్లు మళ్ల ఖర్చు గద సార్” అన్నాడు భాయ్ మెల్లగా.

“గంతే గంతే. మీటర్లెందుకు, మనం మనం ఒక్క ఇంటోళ్లం” అంది అవ్వ. ఏడాది తర్వాత వాళ్లిద్దరూ ఒక మాట మీదికి రావడం అదే మొదలు.

సారు కళ్లద్దాలు తీసి తుడుచుకుని, మూడో అంశానికి వచ్చారు. చేతులెత్తితే మొహమాటం ఉంటుందని చిట్టీల ఓటు పెట్టారు. ఇంటికొక చిట్టీ. ‘ఉండాలి’ అనో ‘వద్దు’ అనో రాసి బిస్కెట్ డబ్బాలో వేయాలి. ఆ డబ్బాను అందరి ముందుకూ తిప్పింది నేనే. నా ముందే మూత తీసి సారు ఒక్కో చిట్టీ విప్పి చదివారు.

“ఉండాలి.”

టీచర్ ఓటు అనుకున్నాను.

“ఉండాలి. ఉండాలి. ఉండాలి.”

సారు గొంతు మారుతూ వచ్చింది. పదో చిట్టీకి కంపెనీ మనిషి రంగుల కాగితాలు మడతపెట్టాడు. చివరి చిట్టీ విప్పి సారు కాసేపు దాన్నే చూశారు. “పదహారూ ‘ఉండాలి’” అన్నారు.

రెండిళ్లు కలిసి ఒక మాట అనని బిల్డింగు అది. సంతోషించాల్సింది పోయి అందరూ ఒకరినొకరు అనుమానంగా చూసుకున్నారు. ముందుగా దుకాణం భాయ్‌కు తట్టింది.

“ఒక్క నిమిషం సార్. తీసెయ్యాలని రాసింది మీరే గద? పదహారిండ్లల మీదొకటి. మరి మీ ‘వద్దు’ చిట్టీ ఏడ వోయింది?”

“రహస్య ఓటండీ. అడక్కూడదు” అన్నారు సారు. చెవులు ఎర్రబడ్డాయి.

అవ్వ నోటి మీద చెయ్యేసుకుంది. ఆగలేకపోయింది.

“ఏమే, ఈయినెకు గూడ ఇస్తున్నవానే ఐదు నిమిషాలు!”

“గూడ అంటే?” అంది టీచర్, మెల్లగా కుర్చీ తిప్పి. “నీకు ఇస్తున్నదా అవ్వా?”

“నీకు?”

రోజూ పిల్లలకు నిజమే చెప్పాలని పాఠం చెప్పే మనిషి, మొహం కందిపోయింది.

“మా ఫ్లోర్‌కే అని చెప్పిందిగా!” అన్నారు సారు, ప్రెసిడెంటు అన్న సంగతి మరిచిపోయి.

“అరే వా! మాకు గూడ గదే చెప్పింది!” భాయ్ లేచి నిలబడ్డాడు.

అందరూ నా వైపు తిరిగారు. ఇరవై ఏళ్లలో ఆ పదహారిళ్లు కలిసి నన్ను చూడడం అదే మొదటిసారి. దాక్కోవడానికి స్తంభం చాలలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను. మా అత్త, పాలు, కొలత, కొసరు, ఇరవై ఐదు, ఐదు. చెబుతుంటే కంపెనీ మనిషి నోరు తెరుచుకుని విన్నాడు.

సారు లెక్కలు తెలిసిన మనిషి. వేళ్ల మీద వేసుకుని అడిగారు. “అంటే, ఎవరికీ ఎక్కువ రాలేదు?”

“రాలేదు సార్.”

“తక్కువా రాలేదు?”

“ఒక్క నిమిషం తక్కువ కాలేదు సార్.”

“మరి ఇన్నేళ్లూ మేం దేనికి సంతోషించినట్టమ్మా?”

నేను ఖాళీ చాయ్ గ్లాసులు ఏరడం మొదలుపెట్టాను.

తర్వాత అవ్వ భాయ్ వైపు తిరిగి నేరుగా, మధ్యన నన్ను పెట్టకుండా, “అయితే నువ్వు దొంగవు కాదన్నట్టు” అంది. “నువ్వు గూడ కాదు అవ్వా. మాఫ్ చెయ్యి” అన్నాడు భాయ్. ఆ మాటకు నా తల ఇంకా వంగిపోయింది. వాళ్లిద్దరికీ ఏడాది పాటు మాటలు పోయింది నా తెలివి వల్లే. నీళ్లు ఎవరికీ తగ్గించలేదని నన్ను నేను సమర్థించుకున్నాను కానీ, పక్కింటి మీద నమ్మకం మాత్రం రోజుకు ఐదు నిమిషాల చొప్పున తగ్గిస్తూ వచ్చాను.

వెనక వరసలోంచి ఎవరో మళ్లీ ఓటు పెట్టాలన్నారు. నా రెండు సంచులు కళ్లముందు కదిలాయి. సారు తల అడ్డంగా ఊపారు. “ఒక మీటింగులో ఒక అంశానికి ఒక్కసారే ఓటు. ఆమె ఉంటుంది. కానీ ఈ కొసర్లు బంద్. ఏ ఫ్లోర్‌కి ఎప్పటినుంచి ఎప్పటిదాకా అన్నది కాగితం మీద పెట్టాలి. నేను రాసిస్తా, అతికించు.”

“ఆమెనే రాస్తది సార్” అంది టీచర్.

రాశాను. పదహారు మంది చూస్తుండగా, సారు పెన్నుతో, కుర్చీ మీద కాగితం పెట్టుకుని నేల మీద కూర్చుని రాశాను. ‘మొదటి అంతస్తు, 6 నుండి 6:30’ దగ్గర మొదలుపెట్టి నాలుగు వరసలు. నాలుగో వరస కిందికి జారింది. అందరూ చుట్టూ మూగి చూశారు. నీళ్ల గొడవ తాత్కాలికంగా మరిచిపోయారు. ఆ సందట్లోనే సారు మొదటి అంశం చదివి, “అభ్యంతరాలు లేవు కదా?” అన్నారు. ఎవరూ వినలేదు. మెయింటెనెన్సు పెరిగిపోయింది. పెరిగిందని వాళ్లకు ఒకటో తారీఖున తెలిసింది.

మరునాటి నుంచి కాగితం ప్రకారం నడిపాను. సరిగ్గా అరగంట, ఒకేసారి, మధ్యలో ఆపకుండా. మూడో రోజుకల్లా ఫిర్యాదులు మొదలయ్యాయి. నీళ్లు తగ్గాయట. డ్రమ్ము నిండడం లేదట. “గడియారం పెట్టుకుని చూడుండ్రి” అంటే చూశారు. అరగంట అరగంటే. అయినా తగ్గాయన్నారు. అవ్వ మెట్ల మీద ఆపి చెవిలో అంది, “మందికి ఇయ్యకుంటె ఇయ్యకు, నాకైతె ఇయ్యి.” భాయ్ నమస్తే పెట్టి మరీ అడిగాడు. టీచర్ అడగలేదు కానీ, నాలుగు రోజులు డాబా మీదికి వచ్చి ట్యాంకు వైపు చూసి వెళ్లింది.

వారం తిరిగేసరికి సారు వచ్చారు. వాల్వ్‌ల దగ్గర నా పక్కన నిలబడి, వాచీ చూసుకుని, దగ్గి, ఊరి సంగతులు మాట్లాడి చివరికి అసలు మాటకొచ్చారు.

“మా ఆవిడ ఒకటే గోలమ్మా. నీళ్లు చాలట్లేదంటుంది.”

“అరగంట ఇడుస్తనే ఉన్న సార్. కాయితం మీద పెట్టమన్నది మీరే గద.”

“కాగితం ఉండనీ. కాగితానికేం, ఉంటుంది.” చుట్టూ చూశారు. డాబా మీద మేమిద్దరమే. గొంతు తగ్గించారు. “నిజంగా ఎక్కువివ్వమని కాదు, అది తప్పు. నువ్వు ఇదివరకట్లా కిందికొచ్చి ఆ మాట ఒక్కటి చెప్పు. నాకు తెలుసనుకో. అయినా చెప్పు.”

మరునాడు పొద్దున నాలుగో అంతస్తు వంతు రాగానే వాల్వ్ తిప్పాను. గడియారం చూసుకుంటూ కూర్చున్నాను. ఇరవై ఐదు నిమిషాలు కాగానే కట్టేశాను. కింద వంటింటి కిటికీలోంచి చాలా రోజుల తర్వాత కేక వినపడింది. చెప్పులు వేసుకుని మెట్లు దిగాను. సారే తలుపు తీశారు. లుంగీ మీద ఉన్నారు, రెండు చేతుల్లోనూ ఖాళీ చెంబులు. వెనకాల వాళ్లావిడ.

“మీ ఫ్లోర్‌కని ఇంకో ఐదు నిమిషాలు ఇడుస్త సార్” అన్నాను. “కింది ఫ్లోరోళ్లకు చెప్పకుండ్రి.”

“ఛ, ఛ. నేనెందుకు చెప్తానమ్మా?” అన్నారు సారు.